ముంగట ఎవ్వరు కూసోని పడవ

2011ల, దసరాకు ముందటి రోజులు. బెంగళూరు రోడ్డు మీద సాతంరాయి కాడ నాకొక రేకుల షెడ్డు ఉండె. ఫైబర్ పడవలు బాగు చేసుడు నా పని. నెత్తి మీదికెళ్లి విమానాలు పోతుండేటివి గని, చుట్టుపక్కల పడవ తేలేటన్ని నీళ్లు ఎక్కడ లేవు. "నీళ్లు లేని కాడ పడవల దుకాణమేందన్నా, వీటికి రెక్కలు పెడుతవా" అని చాయ్ తాగనొచ్చినోళ్లు ఎక్కిరించెటోళ్లు. నాకు గూడ నోరు తక్కువేం లేదు. "బస్సులు బాగుచేసెటోడు బస్సులనే ఉంటడా" అనేటోన్ని. రిజర్వాయర్ల కాడ తిరిగే చిన్న మోటరు పడవలన్నీ రిపేరుకు ఆ రోడ్డుకే వచ్చేటివి, నాకు గంతే చాలు.

మల్లేశ్ కందుకూరు దిక్కు రైతు. ముప్పై అయిదేండ్లు ఉంటయేమో. ఎవుసంతోని ఇల్లు ఎల్లుతలేదని ఒక సెకండ్ హ్యాండ్ మోటరు పడవ కొని, కృష్ణ నీళ్లు ఎనుకకు నిలిచే కాడ సెలవు రోజులల్ల జనాన్ని తిప్పుతుండె. ఓ పొద్దున ట్రాక్టర్ ట్రాలీ మీద పడవ ఎక్కించుకోని షెడ్డుకు వచ్చిండు. దిగుతనే అన్నడు, "అన్నా, దీనికి ట్రిమ్ ట్యాబ్స్ పెట్టాలె. ఈ వారంలనే."

ట్రిమ్ ట్యాబ్స్ అంటే పడవ ఎనుక అడుగున, చెరో దిక్కు బిగించే రెండు స్టీలు పలకలు. పడవ ఉరుకుతున్నప్పుడు అవి జర కిందికి వంగుతయి, నీళ్లు వాటిని పైకి నూకుతయి. ఎనుక భాగం లేస్తది, ముక్కు దిగుతది. మంచి సామానే. కాకపోతే తలకాయ నొచ్చినోనికి కండ్లద్దాలు ఇచ్చినట్టు, అందరికీ పనికిరాదు.

"ఎందుకు పెట్టాలె?" అని అడిగిన.

"ముక్కు లేస్తుందన్నా. ముంగట ఏం కనబడుతలేదు."

ఇంకేందో ఉంది అని మొఖం చూస్తనే తెలుస్తుంది. చాయ్ తెప్పిచ్చిన. సగం తాగినంక చెప్పిండు. పదిహేను రోజుల కింద, పడవ నిండ మందితోని ఒడ్డుకు వస్తుంటే, ముంగట ఒక పుట్టి ఉంది. అదే, చేపలు పట్టెటోళ్లు తిరిగే గుండ్రటి బుట్ట పడవ. అండ్ల మొగుడు పెండ్లాం వల తీస్తున్నరు. మల్లేశ్‌కు కనబడలె. పక్కకు కూసున్న పాసింజర్ కేక పెడితే స్టీరింగ్ తిప్పిండు. తగలలేదు గని, ఈయన పడవ అలకు పుట్టి బోర్ల పడ్డది. ఇద్దరు నీళ్లల్ల పడి పుట్టి పట్టుకోని ఏలాడిండ్రు. మల్లేశ్ వాళ్లే పైకి గుంజిండ్రు. బతికిండ్రు.

"ఆ ఆడామె దగ్గుకుంట నా దిక్కు చూసిందన్నా. ఒక్క మాట గూడ తిట్టలె. తిట్టినా మంచిగుండు. కండ్లు మూస్తే అదే మొఖం. ఇంకొకసారి గట్ల అయితే నేను బతకను."

నేను పడవ చుట్టు తిరిగి అంత చూసిన. ఇంజన్ వాలు సరిగనే ఉంది. అడుగున నీళ్లు ఇంకి పడవ బరువెక్కలె. మరి ముక్కు ఎందుకు లేస్తది? నీళ్ల మీద చూడకుంట పలకల కోసం రంధ్రాలు కొట్టేది లేదన్న. రెండు రోజులకు ఆయన ఎంబడి పోయిన.

ఒడ్డు కాడ పాసింజర్లు ఎక్కుతుంటే నాకు సమజయ్యింది. పడవ ముంగట, ఎనుక దిక్కు మొఖం పెట్టి ముగ్గురు కూసునే బెంచీ ఉంది. దాని మీద ఎవ్వరు లేరు. ముక్కు కొస మీద పసుపు, కుంకుమ, యాపరెమ్మ, నడుమ చిన్న ఇత్తడి మైసమ్మ తల్లి ముఖం బిగించి ఉంది, షెడ్డుల చూసినా నేను పట్టించుకోలె. అందరు ఎనుక సీట్లల్లనే ఇరుక్కున్నరు. బ్యాటరీ ఎనుకనే, పెట్రోల్ డబ్బా ఎనుకనే, తాగే నీళ్ల క్యాన్లు గూడ ఎనుకనే. ఒకాయన బెంచీ మీద కూసోబోతే మల్లేశ్ ఆపిండు. "అమ్మకు ఈపు పెట్టి కూసోవద్దు సార్, ఎనుకకు రాండ్రి."

ఇంజన్ పెంచంగనే ముక్కు ఆకాశం దిక్కు లేచింది. బరువంత ఎనుకనే ఉంటే అది ఎన్నటికీ దిగది.

మంది దిగినంక చెప్పిన. "మల్లేశ్, నీ పడవకు రోగం లేదు. బరువు ముంగటికి జరుపు, అయిపోతది."

ఆయన తల దించుకున్నడు. "ఎరుకే అన్నా."

"ఎరుకైతే ట్యాబ్స్ ఎందుకు అడిగినవురా నాయినా?"

అప్పుడు అసలు ముచ్చట చెప్పిండు. మల్లేశ్‌కు ఒక అన్న ఉండె. ఈత కొట్టబోయి ఊరి చెరువులనే పోయిండు. అప్పటి సంది వాళ్లమ్మ బాలమ్మ చెరువు కట్ట ఎక్కలె. మల్లేశ్ పడవ కొన్ననాడు ఆమె అన్నం ముట్టలె. ఆఖరికి ఒక్క మాట మీద ఒప్పుకుంది. చెరువు కట్టను కాసే కట్ట మైసమ్మ పడవ ముంగట ఉండాలె, ఆమె కాడ ఎవ్వరు కాలు పెట్టొద్దు, ఈపు పెట్టొద్దు. "అమ్మ ముంగట ఉంటే నీకేం కాదు బిడ్డా" అని ఇత్తడి ముఖం ఆమెనే తెచ్చి పెట్టింది.

"గా ముఖం కదిలిస్తే మా అమ్మకు నిద్ర ఉండదు. కదిలియ్యకుంటే నాకు నిద్ర లేదు. నువ్వు పలకలు పెట్టన్నా, మా ఇద్దరిది నడుస్తది."

నిజం చెప్తున్న, నా పానం గుంజింది. పెడితే ఏం పోతది అని ఒక్క గడియ అనిపించింది. పెడితే పడవ ఉరికేటప్పుడు ముక్కు దిగుతది, ముంగట కనబడుతది. గని అవి పనిచేసేది ఉరుకు మీదనే. ఒడ్డు కాడ మెల్లగ పోయేటప్పుడు, మంది ఎక్కేటప్పుడు, బరువంత ఎనుకనే ఉంటది. ఉరికే పడవను ఒక్కసారి ఆపితే ఎనుకకెళ్లి వచ్చిన సొంత అలనే లోపటికి దుంకుతది. ఈసారి నీళ్లల్ల పడేది పుట్టిల వాళ్లు కాదు, ఈయన పాసింజర్లు.

"నేను పెట్టను" అన్న.

"నా పడవ, నేను పెట్టుమంటున్న."

"నీ పడవనే. చెయ్యి నాది. పెట్టను. మీ అమ్మను తోలుకరా."

"ఆమెకు చెప్పుడు నాతోని కాదు."

"చెప్పకు. చూపిద్దాం."

కోపంతోని పోయిండు. ఇగ రాడనుకున్న. అయిదారు రోజులకు ఫోను చేసి, "వస్త అన్నదన్నా, ఎందుకని గూడ అడగలె" అన్నడు.

బాలమ్మ సన్నటి మనిషి. ఒడ్డు కాడ చెప్పులిడిచి, నీళ్ల దిక్కు చూడకుంట నా దిక్కే చూస్తుంది. నేను పాసింజర్లకు బదులు ఎనుక సీట్లల్ల ఇసుక బస్తాలు ఏసిన. "పెద్దమ్మా, నీ కొడుకు పక్కన కూసో. వాడు ఏం చూస్తుండో నువ్వు గూడ చూడు. గంతే, ఇంకేం అడగ" అన్న. నేను చెయ్యి సాపిన. ఎక్కింది. ఇన్నేండ్లకు నీళ్ల మీదికి వచ్చింది ఆ తల్లి. నేను ఎనుక బస్తాల మీద కూసున్న.

మల్లేశ్ ఇంజన్ పెంచిండు. ముక్కు లేచింది. ఆమె కడ్డీ పట్టుకున్నది.

"ఏం కనబడుతుంది పెద్దమ్మా?"

"అమ్మ కనబడుతుంది."

"అమ్మకు అవుతల?"

ఆమె మెడ సాపింది. సగం లేసి నిలబడబోయింది. తర్వాత కొడుకు దిక్కు తిరిగింది.

"ఏం కనబడుతలేదు. నువ్వు ఎప్పుడు గిట్లనే నడుపుతున్నవారా?"

మల్లేశ్ ఇంజన్ బందు చేసిండు. పుట్టి సంగతి అప్పుడు చెప్పిండు, మొదటి నుంచి. ఇంట్ల చెప్పనేలేదంట. చెప్పుకుంట చెప్పుకుంట ఏడ్చిండు. బాలమ్మ కొంగుతోని వాని మొఖం తుడిచింది గని ఊకోరా అనలె.

"ఆ పుట్టిల పిల్ల గూడ ఏ తల్లి బిడ్డనో" అన్నది. "నా కొడుకును కాపాడుమని మొక్కిన. ఇంకొకరి బిడ్డ మీదికెళ్లి పొమ్మని మొక్కలె."

ఆమెనే లేచి, పడవ ఊగుతుంటే వంగి వంగి ముంగటికి పోయింది. ఎవ్వరు కాలు పెట్టని కాడ మోకాళ్ల మీద కూసోని మొక్కింది. నేను మరలు తీసిచ్చిన. ముఖాన్ని కొంగుల పట్టుకోని, "యాడ పెట్టాలె?" అని నన్నే అడిగింది. స్టీరింగ్ పక్కన, అద్దం కింద జర జాగ ఉంది. చూపిచ్చిన.

ఆమె అండ్ల పెట్టి, ముంగటి బెంచీ చూసి, ఎనుక సీట్లు చూసి, "ఈడనైతే ముంగట కూసున్నోళ్ల మొఖం గూడ ఇటే ఉంటది. ఎవ్వరి ఈపు తగలది" అన్నది. గింత తేలిక సంగతి నాకు గాని, వానికి గాని తట్టలె. తట్టినా, ఆ మాట ఆమెనే అనాలె, మేం అంటే నడవకపోవు.

బ్యాటరీ, పెట్రోల్ డబ్బా ముంగటికి మార్చినం. రెండు బస్తాలు బెంచీ కాడికి గుంజినం. బాలమ్మ బెంచీ మీద ఓ కొసకు, నీళ్ల దిక్కు పక్కకు తిరిగి కూసుంది. "పోనీయి" అన్నది. పడవ కొద్దిగ ముక్కెత్తి, మళ్ల దించి, నీళ్ల మీద సాపుగ ఉరికింది. మల్లేశ్ కండ్లు ముంగట నీళ్ల మీద తిరుగుతున్నయి. ఇంతల బాలమ్మ చెయ్యెత్తింది.

"అగో, మనుషులున్నరు. మెల్లగ పో బిడ్డా."

దూరంగ ఒక పుట్టి. మల్లేశ్ అప్పటికే ఇంజన్ తగ్గించిండు.

ఆ పడవకు ట్యాబ్స్ పెట్టలె. తర్వాత చాన పడవలకు పెట్టిన. పెద్ద ఇంజన్ ఉండి బరువు జరుపుటానికి జాగ లేకుంటే అవి ఉండాల్సిందే, నేను కాదనను. గని ఎవ్వరొచ్చి అడిగినా ముందుగాల ఒకటే అడుగుత, మీ పడవల ఎవరు ఎక్కడ కూసుంటరు, ఏ జాగ ఖాళీ ఉంటది, ఎందుకు ఖాళీ ఉంటది అని. పలకలకు దానికి ఏం సంబంధమని చానమంది నవ్వుతరు. ఎప్పుడన్న ఒకాయన నవ్వడు, నేల దిక్కు చూస్తడు. అప్పుడు నేను చేతుల సామాను కింద పెట్టి, ఆయనకు కుర్చీ ఏస్త.