ఆమె అడిగిన నీటి జాడ

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో, పొదిలి బస్సులో నా పక్కన కూర్చున్న రైతావిడ నేనేం చదవబోతున్నానని అడిగింది. ఉపగ్రహం తీసే ఫొటోలతో మ్యాపులు చేసే చదువని, స్కాలర్‌షిప్ కూడా వచ్చిందని ఉత్సాహంగా చెప్పాను.

"అందులో మా చేలో నీళ్ళెక్కడున్నాయో తెలిసిద్దా అమ్మా? ఏసిన బోర్లన్నీ ఎండిపోయినై."

"తెలుసుకోవచ్చండి. కాకపోతే నేనింకా నేర్చుకోవాలి."

"నేర్చుకుని రా. అందాకా మిరపని ఎట్టాగో లాక్కొస్తాం," అని నా చేయి గట్టిగా పట్టుకుని, తన ఊరు రాగానే దిగిపోయింది.

చదువు పూర్తవడానికి ఏళ్ళు పట్టింది. అవ్వగానే ఆ ఊరు వెళ్ళాను. మిరప చేలకు బదులు, నీళ్ళు పెట్టనక్కర్లేని జామాయిల్ తోటలు కనిపించాయి. పేరు తెలియదు కాబట్టి, బోర్లు ఎండిపోయిన ఆవిడ ఇల్లెక్కడని టీ కొట్టతన్ని అడిగాను.

"ఏ ఆవిడమ్మా? ఈ ఊళ్ళో అందరియ్యీ ఎండిపోయినై," అన్నాడతను.