అమ్మమ్మ ఒడి ఎక్కడని అడిగితే

మా లార్చ్ ఫాల్స్ గురించి రోడ్డు పక్క బోర్డుల మీద ఏం రాసి ఉన్నా నమ్మకండి. చిన్నపిల్లల్ని వెంటేసుకొచ్చి, మొదటిసారి మంచు మీద జారే స్కీలు తొడుక్కుని, సరదాగా నాలుగు రోజులు గడిపి వెళ్దామనుకునే కుటుంబాలకి మా ఊరు పనికిరాదు. ఈ మాటంటే ఊళ్ళో సగం మంది నా మీద విరుచుకుపడతారు. వాళ్ళ హోటళ్ళు, వాళ్ళ పాన్‌కేక్ దుకాణాలు, వాళ్ళ బాధ వాళ్ళది. నేను మాత్రం ఏం తక్కువ? స్కీలూ బూట్లూ అద్దెకిచ్చుకుని బతికేదాన్ని. మీరు రాకపోతే నాకూ గడవదు. అయినా చెబుతున్నాను, ఎందుకంటే ఈ మాట చెప్పినందుకే మా ఆర్డిస్ హోల్మ్‌ని ఫోను దగ్గర్నుంచి లేపేశారు. అది తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

ఆర్డిస్ ఈ ఊళ్ళోనే పుట్టింది. వాళ్ళ నాన్న కొండ మీద మంచు చదును చేసే బండి నడిపేవాడు. నడక వచ్చిన ఏడే ఆమెకి స్కీలు కట్టారు. పెద్దయ్యాక పిల్లలకి స్కీయింగ్ నేర్పడమే ఆమె బతుకైంది. పిల్లని తన రెండు మోకాళ్ళ మధ్య నిలబెట్టుకుని, చంకల కింద చేతులేసి, మెల్లగా కిందికి జారేది. ఇప్పుడు మా ఊరి పోలీసు అధికారి, పళ్ళ డాక్టరు, నా ఇద్దరు కొడుకులు, అందరూ ఆ మోకాళ్ళ మధ్య ఏడ్చి నేర్చుకున్నవాళ్ళే. ఆ మోకాళ్ళలో ఒకటి చివరికి చెడింది. ఇక స్కీలు కట్టావంటే కర్ర పట్టుకుని నడవాల్సిందేనని డాక్టరు తేల్చి చెప్పాడు. అప్పట్నుంచి, నా దుకాణం పక్కనే ఉన్న చెక్క గదిలో కూర్చుని, సెలవులకి రావాలనుకునేవాళ్ళ ఫోన్లకి జవాబు చెప్పే పనిలో కుదిరింది.

అలాంటి పనిలో ఉన్నవాళ్ళు ఎవరైనా ఏం చెబుతారు? రండి రండి అంటారు. ఆర్డిస్ అలా కాదు. ముందు ఒక ప్రశ్న వేసేది: మీలో అందరికంటే చిన్నది ఎవరు, ఆ పిల్ల దేనికి భయపడుతుంది? జవాబు విని అప్పుడు చెప్పేది. కొందరిని రమ్మనేది. చాలామందిని, మా వద్దకి వద్దు, కనుమ అవతల డన్‌మోర్‌కి వెళ్ళండి, అక్కడి కొండ చాప పరిచినట్టుంటుంది అనేది. ఆమె రమ్మన్నవాళ్ళు ఏటా వచ్చేవాళ్ళు. ఆమె వద్దన్నవాళ్ళు కూడా పిల్లలు ఎదిగాక వచ్చి, నా కౌంటరు ముందు నిలబడి, ఆ ఫోనులో మాట్లాడే ఆవిడ ఎక్కడండీ అని అడిగేవాళ్ళు.

ఇక్కడ మా ఊరి తిక్క ఒకటి చెప్పాలి. మాకు పేర్లు తిరగేసి పెట్టడం అలవాటు. ఆరున్నర అడుగుల బార్నీని చిట్టి అంటాం. నోరు మూయని మంగలాయన్ని మౌనస్వామి అంటాం. కొండ మీద దారులకీ అంతే. పాకే పిల్లలు కూడా పడకుండా జారే చదునైన మంచు జాగా ఒకటుంది, దాని పేరు ఉరికంబం. పైన, తీగ మీద వేలాడే కుర్చీల్లో కొండెక్కించే పాత లిఫ్టు దిగగానే కుడివైపు, గోడలా కిందికి దిగిపోయే వాలుంది. ఎండపొడ తగలక గాజులా గడ్డకట్టి ఉంటుంది. మొదట దాన్ని దిగినవాడు పైనుంచి కింద దాకా వీపు మీదే వచ్చి, లేచి మంచు దులుపుకుని, అబ్బ, అమ్మమ్మ ఒడిలో కూర్చున్నట్టుందిరా అన్నాడట. అంతే, అది అమ్మమ్మ ఒడి అయింది. తరతరాలుగా మేం ఆ పేరు చెప్పుకుని నవ్వుకుంటున్నాం. బయటివాళ్ళకి అది తెలియకపోయినా ఫరవాలేదు, ఎందుకంటే ఫోను దగ్గర ఆర్డిస్ ఉండేది.

కిందటేడు కొండని ఒక కంపెనీ కొనేసింది. మేనేజరుగా గ్రేడన్ పూల్ అనే కుర్రాడు దిగాడు. మెత్తటి మాట, తెల్లటి పళ్ళు. ఎవరినీ పల్లెత్తు మాట అనడు. స్కీలు కడితే మా ఊరి కుర్రాళ్ళని మించి దిగుతాడు. అదే నా కడుపుమంటకి కారణం. ఏమీ తెలియనివాడైతే పోనీలే అనుకునేదాన్ని. వచ్చిన నెలలోనే ఊరంతా పోస్టర్లు వేయించాడు. ఎవరో అద్దె ముసలావిడ, ఆమె భుజం మీద తల పెట్టిన పిల్ల, కింద పెద్ద అక్షరాలు: ఈ చలికాలం అమ్మమ్మ ఒడికి రండి.

ఒకరోజు నేను ఆర్డిస్ గదిలో కాఫీ తాగుతున్నాను. ఆమెకి చెవి సరిగా వినపడదు, అందుకని ఫోను మాటలు గదంతా వినపడేలా పెట్టుకుంటుంది. నెబ్రాస్కా నుంచి కోరిన్ డ్రెష్లర్ అనే ఆవిడ చేసింది.

"మీలో అందరికంటే చిన్నది ఎవరమ్మా?" అంది ఆర్డిస్.

"మా టిల్లీ అండీ. ఆరేళ్ళు."

"దేనికి భయపడుతుంది?"

అవతల చిన్న నవ్వు. "మాల్‌లో కదిలే మెట్లుంటాయి చూడండి, కిందికి దిగేవి. అవంటే హడలు. ఎత్తుకోవాల్సిందే."

"మరి నీకొచ్చా స్కీయింగు?"

"నాకూ రాదు, మా మామగారికీ రాదు. మా ఆయనకి సెలవు దొరకలేదు. మేం ముగ్గురమే వద్దామని."

"అయితే మా ఊరు వద్దు తల్లీ. డన్‌మోర్ వెళ్ళండి. అక్కడ పిల్ల పడినా నవ్వుకుంటూ లేస్తుంది. దానికి పదేళ్ళొచ్చాక మా దగ్గరికి తీసుకురా, నేను చూసుకుంటా."

గ్రేడన్ ఎప్పుడొచ్చాడో, ఆమె వెనకే నిలబడి వింటున్నాడు. వంగి ఫోను తన వైపుకి జరుపుకున్నాడు.

"మేడమ్, నేను ఇక్కడి మేనేజర్ని. మా ఆర్డిస్ గారు కాస్త పాతకాలం మనిషి, ఏమీ అనుకోకండి. మీలాంటి కుటుంబాల కోసమే మా ఊరు. అమ్మమ్మ ఒడి అని మా దగ్గర ఒక వాలుంది, పేరులోనే ఉంది కదా. గదులు నేనే చూస్తాను."

ఫోను పెట్టేశాక ఆర్డిస్ అతని మొహంలోకి చూసింది.

"బాబూ, ఆ వాలు నువ్వు దిగావా?"

"చాలాసార్లు. బ్రహ్మాండంగా ఉంటుందండీ."

"ఆరేళ్ళ పిల్లని దింపుతావా దాని మీద?"

"నేను అక్కడికే వెళ్ళమన్నానా? ఉందన్నాను, అంతే. మ్యాపులో నల్ల డైమండ్ గుర్తు ఉంది, అంటే ఆరితేరినవాళ్ళకేనని, చూసుకుంటారు. మనం అబద్ధమేం ఆడలేదు కదా."

"నువ్వు ఆడలేదు. పేరు చేత ఆడించావు."

అతనికి కోపం కూడా రాలేదు. "మీరు ఇన్నాళ్ళు కష్టపడ్డారు. రేపట్నుంచి విశ్రాంతి తీసుకోండి" అన్నాడు, దయ చూపిస్తున్నట్టు. నేను నోరు పారేసుకున్నాను. ఏమన్నానో ఇక్కడ రాయలేను. ఆర్డిస్ మాత్రం తన కాఫీ కప్పు చేత్తో పట్టుకుని, కుర్చీలో పరుచుకునే మెత్త చంకన పెట్టుకుని బయటికి నడిచింది. మర్నాటి నుంచి ఆ ఫోనులో ఒక మర మాట్లాడుతోంది. ఎవరు చేసినా, ఏమడిగినా, మీ కుటుంబానికి సరైన ఊరు మాదే అంటుంది.

జీతం పోయినందుకు ఆర్డిస్ బెంగపడలేదు. "వాళ్ళొస్తారే నోరీన్," అనేది నాతో, పొద్దున్నే నా దుకాణంలో కూర్చుని. "ఆ పిల్లని ఆ అంచు దాకా తీసుకెళ్తారు. ఇప్పుడు వద్దని చెప్పేవాళ్ళెవరు?" ఆమె అనుకున్నట్టే వచ్చారు, ఫిబ్రవరి సెలవుల్లో, కొండ మీద మంచు బాగా బిగిసిన వారంలో.

కోరిన్ పాదాలకి, మామగారి పాదాలకి, టిల్లీ పాదాలకి బూట్లు తొడిగింది నేనే. పేరు వినగానే గుర్తుపట్టాను. పిల్లకి ముందు రెండు పళ్ళు లేవు. బూటు బిగిస్తుంటే నా జుట్టు పట్టుకుని నిలబడింది. మీరు ఇవాళంతా ఉరికంబం దగ్గరే ఉండండి అని చెప్పాను. కోరిన్ కళ్ళు పెద్దవి చేసింది.

"ఉరికంబమా? ఆ పేరున్న చోటికి పిల్లని ఎలా తీసుకెళ్తానండీ? మేం అమ్మమ్మ ఒడికే వెళ్తున్నాం. దానికి డైమండ్ గుర్తు కూడా ఇచ్చారు, అంటే మంచిదనే కదా."

"కాదమ్మా, అన్నీ తిరగేసి ఉంటాయి ఇక్కడ. ఉరికంబమే మెత్తన. అమ్మమ్మ ఒడి గోడలా ఉంటుంది."

మామగారు పకపకా నవ్వాడు. "కొత్తవాళ్ళని ఇలా ఆటపట్టిస్తారని మా వాడు ముందే చెప్పాడులెండి." కోరిన్ కూడా నవ్వింది, నొప్పించకూడదన్నట్టు. నేను నిజంగానే చెబుతున్నానని గొంతు పెంచాను. గొంతు పెంచేసరికి ఆమె పిల్ల చెయ్యి పట్టుకుని గబగబా బయటికి నడిచింది. అక్కడి నుంచి లిఫ్టు ఎంత దూరం? లిఫ్టు దగ్గర నిలబెట్టిన కుర్రాళ్ళు కంపెనీవాళ్ళు ఎక్కడినుంచో తెచ్చినవాళ్ళు, వాళ్ళకీ ఆ పేరులోని తిరకాసు తెలియదు. కొండ మీద కాపలా తిరిగేవాళ్ళకి ఫోన్ చేశాను. ఎవరికో కాలు విరిగితే వెనక లోయలో ఉన్నారు, వస్తున్నామన్నారు. ఆర్డిస్‌కి చేశాను. నా మాట పూర్తికాకుండానే ఆమె ఫోను పెట్టేసింది.

తర్వాత జరిగింది నేను కిందనుంచి చూశాను, దుకాణం అలా వదిలేసి. ఆర్డిస్ తన పాత స్కీలు తగిలించుకుని, వేళ్ళ చోట టేపు చుట్టిన తోలు గ్లోవులతో, వరసలో ఉన్నవాళ్ళని తోసుకుని లిఫ్టు ఎక్కేసింది. టికెట్ అని ఎవరో అరిచారు. వెనక్కి కూడా చూడలేదు. పైన, మామగారు స్కీలు విప్పేసి ఒక చెట్టుని కావలించుకుని నిలబడ్డాడు. కోరిన్ కాస్త కిందికి జారి, కదిలితే ఎక్కడికి పోతానో అన్నట్టు బిగుసుకుని కూర్చుంది. టిల్లీ ఒక్కతే అంచు మీద ఉంది. ఏడుపు కూడా రావడం లేదు దానికి.

ఆర్డిస్ పిల్ల వెనక్కి వెళ్ళి రెండు మోకాళ్ళ మధ్యకి తీసుకుంది. చంకల కింద చేతులేసింది. స్కీలని వాలుకి అడ్డంగా పెట్టి, అంచులతో మంచుని గీరుకుంటూ, మెల్లగా జారసాగింది. ఆ గరగర శబ్దం కింద దాకా వినపడింది. సగం దారిలో ఆమె చెడిన మోకాలు ఒక్కసారి లోపలికి మడతపడింది. చూసి నేను నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాను. ఆమె ఆగింది, పిల్లతో ఏదో చెప్పింది, మళ్ళీ కదిలింది. ఇంతలో కాపలావాళ్ళు వచ్చి తల్లినీ తాతనీ పట్టుకున్నారు.

కిందికి చేరగానే ఆర్డిస్ మంచులో కూలబడిపోయింది. టిల్లీ ఆమె ఒళ్ళోకి ఎక్కి కూర్చుంది.

"నువ్వేనా అమ్మమ్మవి?" అంది.

"కాదమ్మా. ఆవిడ మంచిది కాదు. ఆవిడ జోలికి పోకు" అంది ఆర్డిస్, నొప్పికి పళ్ళు బిగించి.

కొండ మీద ఫొటోలు తీసి అమ్మే కంపెనీ మనిషి అక్కడే ఉన్నాడు. క్లిక్కుమనిపించాడు.

మోకాలు పూర్తిగా పోయింది. ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చిన రోజున గ్రేడన్ పరామర్శకి వచ్చాడు, పూలు కూడా తెచ్చాడు. పూలు పక్కన పెట్టి, టికెట్ లేకుండా లిఫ్టు ఎక్కడం తప్పండీ, ఈసారికి వదిలేస్తున్నాం, ఇకమీదట కొండ మీదికి రావద్దు అన్నాడు. పిల్ల ఊసు ఎత్తలేదు. ఆ పూలు తీసుకెళ్ళి చెత్తబుట్టలో వేసింది నేనే.

ఇక్కడితో అయిపోయుంటే ఇదంతా చెప్పేదాన్ని కాదు. వారం తిరిగేసరికి ఊళ్ళో పాత పోస్టర్ల మీద కొత్తవి అంటించారు. మంచులో కూర్చున్న ఆర్డిస్, ఒళ్ళో టిల్లీ. మొహాలు రెండూ ఎర్రగా కంది ఉన్నాయి, అది చలికేననుకోవాలి కాబోలు. కింద అవే అక్షరాలు: ఈ చలికాలం అమ్మమ్మ ఒడికి రండి. దుకాణం ముందున్నదాన్ని చింపడానికి పరిగెత్తాను. కర్ర మీద కుంటుకుంటూ వస్తున్న ఆర్డిస్ నన్ను ఆపింది.

"చింపకే. నీ దగ్గర లావుపాటి మార్కర్ ఉందా?"

బూట్ల మీద సైజులు రాసే మార్కరు ఇచ్చాను. ఆమె పోస్టరు మీద తన మొహం కిందుగా రాసింది: రాకముందు నన్ను అడగండి. దాని కింద తన ఇంటి ఫోను నంబరు. తర్వాత నేనూ ఒక మార్కరు తీసుకున్నాను. నా కొడుకులు తీసుకున్నారు. చిట్టి బార్నీకి నిచ్చెన అక్కర్లేదు, హైవే పక్క బోర్డు వాడే చూసుకున్నాడు.

గ్రేడన్ ఆర్డిస్ ఇంటికి వచ్చేసరికి నేను అక్కడే చిల్లీ మాంసం కూర వేడి చేస్తున్నాను. మొదటిసారి అతని గొంతులో మెత్తదనం లేదు.

"మా పోస్టర్లు పాడుచేస్తున్నారు మీరు. కొండ మీద తీసిన ఏ ఫొటో అయినా వాడుకునే హక్కు కంపెనీకి ఉంది. టికెట్ వెనకే రాసి ఉంటుంది, కొన్నవాళ్ళందరూ ఒప్పుకున్నట్టే."

ఆర్డిస్ కాలు ముక్కాలిపీట మీద పెట్టుకుని కూర్చుంది. కదల్లేదు.

"టికెట్టా? నా దగ్గర లేదని నువ్వే కదా బాబూ అన్నావు."

ఆర్డిస్ కాలు సర్దుకుని మళ్ళీ అందుకుంది.

"నేనేం కొనలేదు, నీకేం ఒప్పుకోలేదు. అది నా మొహం. నా మొహం కింద నా నంబరు ఉంటుంది. వద్దంటే రెండూ తీసెయ్. ఉంచుతానంటే రెండూ ఉంచు."

ఆ బోర్డులకి ఎంత తగలేశాడో అతను వేళ్ళ మీద లెక్కేసుకుంటున్నట్టున్నాడు. అంతలో బల్ల మీద ఫోను మోగింది. ఆర్డిస్ తీసి, గదంతా వినపడేలా పెట్టింది.

"ఏవండీ, బోర్డు మీద మీ నంబరు చూశాం. మేం ఇద్దరు పిల్లలతో..."

"అందరికంటే చిన్నది ఎవరమ్మా?" అంది ఆర్డిస్.

మూడేళ్ళ పిల్లాడట. ఎత్తులంటే భయమట. గ్రేడన్ గుమ్మంలో నిలబడి ఉండగానే, ఆర్డిస్ వాళ్ళకి డన్‌మోర్ దారి చెప్పడం మొదలుపెట్టింది.