ఫ్రీజర్‌లో టైరు ముక్కలు

సింగపూర్ జురాంగ్ ఈస్ట్‌లో మా ఫ్లాట్‌కి పై అంతస్తు అంకుల్ పోయి రెండు వారాలైంది. రెండువేల సంవత్సరం నాటి వైటూకే రోజుల్లో ఇక్కణ్నుంచి చలిదేశాలకు బదిలీ మీద వెళ్లినవాళ్లు మీలో ఎవరైనా ఉంటే, ఆయన్ని ఇట్టే గుర్తుపడతారు.

ఆయన రబ్బరు ఫ్యాక్టరీలో పనిచేసేవారు. మంచును సినిమాల్లో తప్ప చూసిన మనిషి కాదు. అయినా విమానం ఎక్కేముందు ప్రతి సాఫ్ట్‌వేర్ కుర్రాడూ ఆయన వంటింటికి వెళ్లాల్సిందే. ఫ్రీజర్‌లో రొయ్యల పొట్లాల పక్కన టైరు ముక్కలుండేవి. రెండు తీసి చేతిలో పెట్టి, "నొక్కు" అనేవారు. మామూలు టైరు ముక్క రాయిలా ఉండేది. చలికాలం టైరు ముక్క అంత చలిలోనూ మెత్తగా దిగేది. ఆయన పాఠం అంతే.

నాకు కెనడా బదిలీ వచ్చినప్పుడు నేనూ వెళ్లాను. కాకపోతే తెలివి మీరినవాణ్ణి కదా!

"ముందు చక్రాలకి మంచి కంపెనీవి రెండు కొంటానంకుల్. వెనక పాతవే ఉంచేస్తా."

"ఏడిశావులే! ఒక కాలికే చెప్పు వేసుకుని నడుస్తావా? ముందువి పట్టుకుని, వెనకవి జారితే బండి బొంగరంలా తిరుగుద్ది. పేరున్నవి రెండు కాదు, పేరులేనివైనా సరే నాలుగు కొను. రబ్బరు మెత్తగా ఉందా, గాట్లు లోతుగా ఉన్నాయా, అది చూడు చాలు. అవతల కోడలు కడుపుతో ఉంది, గుర్తుందా?"

తిట్టిన నోటితోనే ఆంటీని కేకేసి నాకు పులిహోర పెట్టించారు.

ఆ జనవరిలో, గడ్డకట్టిన రోడ్డు మీద, మా ముందున్న లారీ అడ్డం తిరిగింది. నా పక్కన ఏడో నెల కడుపుతో నా భార్య. బ్రేకు తొక్కాను. అంకుల్ మాట విని కొన్న నాలుగు చలికాలం టైర్ల మీద, కారు పక్కకు తిరగకుండా కరకరమంటూ వెళ్లి, లారీకి జానెడు దూరంలో ఆగింది. ఇంటికి చేరగానే అంకుల్‌కి ఫోన్ చేసి ఏడ్చేశాను.

"కోడలు బానే ఉంది కదా?" అని మూడుసార్లు అడిగారు. తర్వాత మెల్లగా, "ఆ టైర్లు అరిగాక ఓ ముక్క తెచ్చిపెట్టు నాయనా" అన్నారు.

సింగపూర్ తిరిగి వచ్చేటప్పుడు తెచ్చి ఇచ్చాను. అంత మంచి మనిషి అడిగింది అదొక్కటే.

మొన్న ఆంటీ ఫ్రీజర్ తెరిచి, "వీటినేం చెయ్యమంటావు బాబూ?" అన్నారు. ప్రతి కవరు మీదా తెచ్చినవాళ్ల పేరుంది. నేను తెచ్చినదాని మీద మాత్రం నా పేరు లేదు. ఆ ఏడాది పుట్టిన మా అమ్మాయి పేరు రాసి ఉంది.

నాతో వచ్చిన మా అమ్మాయే దాన్ని విప్పి, బొటనవేలితో నొక్కింది.

"స్టిల్ సాఫ్ట్ లా, డాడీ," అంది తన సింగపూర్ యాసలో, ఇంకా మెత్తగానే ఉందని.

ఇన్నేళ్లకు కాస్త బిగుసుకుందది. అయినా కొంచెం దిగింది. అమ్మాయి వేలు తీయలేదు. ఆ వెచ్చదనానికి ముక్క మీది మంచు కరిగి, నెమ్మదిగా దాని మణికట్టు మీదికి జారింది.