న్యూట్రల్లో దిగిన బండి

మేం లడఖ్‌లో దిగిన పొద్దున మంచు కురవడం ఆగింది. ఎండ ఉంది, వెచ్చదనం లేదు. రాత్రంతా బయట నిలబడ్డ ట్రక్కుల్లో డీజిల్ గడ్డకట్టింది. కింద స్టవ్వులు పెట్టి కరిగిస్తున్నారు. నేను సైన్యంలో డ్రైవర్ని, మాది నకరికల్లు. ఇది మా మేనల్లుడి కోసం రాస్తున్నాను. వాడు ఈమధ్య కారు కొన్నాడు. సరిగ్గా నడపడం రాకముందే దానికి హంగులు బిగించడం మొదలుపెట్టాడు. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం.

మాకు కొండల్లో డ్రైవింగ్ నేర్పిన హవల్దారును ఉస్తాద్ అనేవాళ్లం. మా లైసెన్సులు చూసి నవ్వాడు. గడ్డకట్టిన నేల మీద ఖాళీ ట్రక్కును కావాలనే జారనిచ్చి, నిలబెట్టమనేవాడు. కంగారుపడి బ్రేకు తొక్కితే బూతులు. ఏ గేరులో ఎక్కావో ఆ గేరులోనే దిగాలి, రోజూ అదే పాఠం.

నాతోపాటు కారంపూడి నుంచి వచ్చిన డ్రైవరొకడు ఉండేవాడు. సైన్యంలో చేరకముందు క్వారీ లారీ తోలాడు. ఈ పాఠాలంటే వాడికి చులకన. ఇంటి నుంచి తెచ్చుకున్న పాటల హారను ట్రక్కుకు బిగించి, ఉస్తాద్ చేత పీకించుకున్నాడు.

"లారీ తోలినోడికి కొత్తగా నేర్పేదేంది అన్నా?" అనేవాడు బంకర్లో.

"దిగుడులో ఏం చేస్తావురా?"

"న్యూట్రల్ కొడతా. వాలులో డీజిల్ కాల్చేదెవడు?"

మా వైపు లారీల మీద నేర్చుకున్న బుద్ధి అది. డీజిల్ మిగిల్చినవాడే అక్కడ మొనగాడు.

ఒక మధ్యాహ్నం రేషన్ వేసుకుని కనుమ దిగుతున్నాం. వాడి ట్రక్కు ముందు, నాది వెనక. రోడ్డు మీద అద్దంలా మంచు. ఉన్నట్టుండి వాడి బండి నాకు దూరమైపోతోంది. వైర్‌లెస్ సెట్టు అందుకున్నాను.

"ఒరేయ్, ఏ గేరులో ఉన్నావు?"

"న్యూట్రల్ అన్నా."

"గేరులో వెయ్యరా."

"పడట్లేదన్నా. బ్రేకు కూడా పట్టట్లేదు."

"కొండకేసి కొట్టు."

తర్వాతి మలుపులో ట్రక్కు లోయలోకి పోయింది. ఆ సాయంత్రం ఉస్తాద్ ఎవరినీ తిట్టలేదు. పీకిన హారను తుడిచి, వాడి పెట్టెలో పెట్టి ఇంటికి పంపించాడు.

సర్వీసు ముగించుకుని నేను ఊరొచ్చాను. మేనల్లుడి కారుకు లావు టైర్లు, కుక్కలు బెదిరిపోయే సైలెన్సర్. ఆ చప్పుడు వింటేనే నాకు ఒళ్లు మండుతుంది. మొన్న నన్ను ఎక్కించుకుని మాచర్ల నుంచి సాగర్ వైపు బయల్దేరాడు. విజయపురి సౌత్ ఇంకా రాకముందే, వాలులో గేరు తీసేశాడు.

"ఏందిరా అది?"

"న్యూట్రల్ మామా. పెట్రోల్ మిగుల్తది."

కారు ఆపించి తాళం లాక్కున్నాను. ఇద్దరం బస్సులో తిరిగొచ్చాం. ఆ సాయంత్రమే చెల్లెలు నా మీదికొచ్చింది.

"సొంత మేనల్లుడి మీద ఇంత పగేంది అన్నా?"

"పగే. ఎట్టా దిగాలో నేర్చుకున్నాక తాళం ఇస్తా. అప్పటిదాకా ఏడవనీ."

వాడు నాతో మాట్లాడటం మానేశాడు. మానెయ్యనీ, బతికుండి మానేశాడు. ఆ కారు వెనక వాడు బిగించిన పెద్ద ఎర్ర లైట్లను మాత్రం నేను చూడలేను. ఆ ట్రక్కు అంచు దాటి గాల్లోకి లేచినప్పుడు కూడా వెనక బ్రేకు లైట్లు ఆరలేదు. వాడు ఇంకా తొక్కుతూనే ఉన్నాడు.