రేవు మీద లేవని చేతులు

గాల్వెస్టన్ రేవులో వర్నెల్ బబినో ఉద్యోగానికి రెండే ధర్మాలు. ఓడ వస్తే మోకు అందుకోవాలి, ఓడ పోతే మోకు వదిలెయ్యాలి. ముప్ఫై ఒక్క సంవత్సరాలు అతను రెంటినీ నిష్ఠగా పాటించాడు. పదిహేను అంతస్తుల విహారనౌకలు, కడుపులో నాటకశాలలూ నెత్తిన జారుడుబల్లలూ పెట్టుకున్న మహారాణులు, ఇనప గుంజకు తగిలించిన ఉచ్చు అతను ఎత్తి పడేస్తే తప్ప అంగుళం కదిలేవి కావు. కదిలాక మాత్రం ఒక్కదానికీ అతను గుర్తుండేవాడు కాదు.

పైనుంచి మూడు వేలమంది చేతులూపుతూ పోయేవారు. కిందవాళ్ళు ఊపకూడదు. రేవు మీద చెయ్యి పైకి లేచిందంటే 'లాగడం ఆపు' అని అర్థం. బిగిసిన మోకు దగ్గర తప్పుడు సైగ చేస్తే ఎవరి కాలో పోతుంది. వర్నెల్ ఈ నియమాన్ని వేదంలా కాపాడాడు. ఒకసారి కన్నతల్లి ఓడెక్కిందన్న ముచ్చటకొద్దీ డ్యూయీ అనే పనివాడు చెయ్యూపితే, జట్టంతా వినేలా కడిగేశాడు: "మీ అమ్మ సోమవారం తిరిగొస్తుందిరా! తెగిన కాలు తిరిగిరాదు!"

రిటైరయ్యాక, సాయంత్రం నాలుగింటికి ఓడ కూత వినిపించగానే వర్నెల్ కుర్చీలోంచి లేచి నిలబడేవాడు. తరవాత, ఎందుకు లేచానా అని కారణం వెతుక్కునేవాడు. ఫ్రిజ్ తలుపు తెరిచి, లోపల ఏమీ తీసుకోకుండా మూసేవాడు. మూడు నెలలు ఇది చూసిన భార్య అయోన్, కోజుమెల్ దీవికి నాలుగు రాత్రుల ఓడ టికెట్లు కొనేసింది.

బుధవారం వర్నెల్ రేవుకి వెళ్ళాడు. ఇప్పుడు జట్టుకి పెద్ద డ్యూయీయే.

"రేపు నేను ఎడమవైపు, ఏడో అంతస్తులో ఉంటాను," అన్నాడు వర్నెల్.

"శుభం. రొయ్యలు బాగా తినండి."

"ఆఖరి మోకు పడ్డాక... ఒకసారి అటు చూసి చెయ్యూపరాదూ?"

డ్యూయీ చేతి తొడుగులు తీసి, నిదానంగా నడుముకి దోపుకున్నాడు. "పెద్దాయనా, ఆ మాట మీ నోట రావాలా? మా అమ్మ ఇప్పటికీ అడుగుతుంది, ఆ రోజు నీమీద అరిచిన ఆ మీసాలాయన బతికే ఉన్నాడా అని."

"ఉన్నాడని చెప్పు."

"చెప్తాను. చెయ్యి మాత్రం లేవదు. మీరు నేర్పిన పాఠమే."

గురువారం నాలుగింటికి పై అంతస్తులో పాటలు మొదలయ్యాయి. అయోన్ కాగితం గొడుగు గుచ్చిన ఎర్రటి పానీయంతో వచ్చి ఏడో అంతస్తు కమ్మీల దగ్గరున్న భర్త పక్కన నిలబడింది. వర్నెల్ పానీయం ముట్టలేదు. వంగి, కింద గట్టు మీది జట్టులో ఆరుగురి తలలు చూస్తున్నాడు. మోకులు ఒక్కొక్కటే నీళ్ళలో పడ్డాయి. ఆఖరిది డ్యూయీ ఎత్తి పడేశాడు. వర్నెల్ చెయ్యి పైకెత్తి ఊపాడు. మెల్లగా కాదు, మునిగిపోతున్నవాడు ఊపినట్టు.

ఎవరూ ఊపలేదు.

"దించవయ్యా," అంది అయోన్. "రాతిగుండె వెధవలు. నువ్వు తయారుచేసిన సరుకే కదా!"

వర్నెల్ దించలేదు. ఆఖరి మోకు పడగానే జట్టు చేసే పని అతనికి తెలుసు: ట్రక్కెక్కి కాఫీకి పరుగు. ఆ పరుగులో అతనే అందరికన్నా ముందుండేవాడు. ఇవాళ ట్రక్కు తలుపు తెరుచుకోలేదు. ఆరుగురూ గట్టు అంచున వరసగా నిలబడ్డారు, చేతులు జేబుల్లో పెట్టుకుని, ఓడవైపు తిరిగి. ఓడ మలుపు తిరిగింది, పెలికన్ ద్వీపం అడ్డొచ్చింది. అడ్డొచ్చేదాకా వాళ్ళు కదలలేదు.

"ఒక్కడూ ఊపలేదు," అంది అయోన్ మళ్ళీ.

"కాఫీ చల్లారిపోయుంటుంది వాళ్ళకి," అన్నాడు వర్నెల్.

కోజుమెల్ ఎలా ఉందని అడిగితే, నీళ్ళు నీలంగా ఉన్నాయంటాడు, అంతే. ఆ నాలుగు రోజులూ అతను ఓడ వెనకభాగాన, గాల్వెస్టన్ ఎటు ఉందో అటే ముఖం పెట్టుకుని కూర్చున్నాడని అయోన్ చెప్పింది.