నీళ్ళు లేని కాలువలో తెడ్డు చప్పుడు

నవ్వేవాళ్ళు ముందే నవ్వేయండి. మధ్యలో మాత్రం ఆపకండి. నా పిల్లలిద్దరి మీద ఒట్టు, ఇందులో నేను కల్పించింది ఒక్క ముక్క కూడా లేదు. ఆ చప్పుడు అత్తమ్మ ఒక్కతే విని ఉంటే, పెద్దావిడ, పాత బెంగ అనుకుని ఊరుకునేదాన్ని. కానీ నేనూ విన్నాను.

ముందు అత్తమ్మ సంగతి చెప్పాలి. సునామీ వచ్చినప్పుడు వాళ్ళు హట్ బే అనే దీవి ఊళ్ళో ఉండేవారు. మావయ్యది చేపల వేట. ఆ ఆదివారం పొద్దున భూమి ఊగింది. కాసేపటికి సముద్రం వెనక్కి వెళ్ళిపోయింది. అడుగున బురద, అందులో ఎగిరెగిరి పడుతున్న చేపలు... అత్తమ్మ కొడుకుని రెక్క పట్టుకుని లాక్కుంటూ కొండెక్కేసింది. పడవ గట్టిగా కట్టి వస్తానన్నాడట మావయ్య. రాలేదు. శవం కూడా దొరకలేదు.

తర్వాత పెద్ద దీవిలోని జంగ్లీఘాట్ వచ్చి స్థిరపడ్డారు. అత్తమ్మ బొట్టు తీయలేదు. గాజులు తీయలేదు. కర్మ చేయనివ్వలేదు. ఎప్పుడడిగినా ఒకటే మాట, "సూసినోళ్ళు ఎవులున్నార్రా?" అని. మా ఆయన ఓడలో పని చేస్తారు. సెలవుకి వచ్చిన ప్రతిసారీ ఆయనకి అదే దిగులు, కన్న తండ్రికి పిండం పెట్టుకోలేకపోయానని.

ఇంకొకటి. హట్ బేలో చీకటి పడ్డాక వచ్చే పడవ ఎవరిదో ఒడ్డున ఉన్న ఆడవాళ్ళకి తెలిసేది కాదు. అందుకని మావయ్య తెడ్డుతో పడవ అంచు మీద కొట్టేవాడట. ఒకటి... ఆగి, రెండు. ఒడ్డు మీంచి అత్తమ్మ గిన్నె మీద తిరిగి కొట్టేది. జంగ్లీఘాట్‌లో ఇప్పుడన్నీ ఇంజను పడవలే. అయినా చీకటి పడగానే ఆవిడ వచ్చి గుమ్మంలో నిలబడేది.

ఒక చలికాలం మా ఆయన ఓడ రిపేరుకని ఇటలీలో, వెనిస్ దగ్గర ఆగింది. మమ్మల్ని రమ్మన్నారు. పిల్లల్ని ప్రోతరాపూర్‌లో మా అమ్మ దగ్గర వదిలి, అత్తమ్మని తీసుకుని వెళ్ళాను. ఆయన డ్యూటీకి పోతే మేమిద్దరమే ఊరు చూడటానికి బయల్దేరాం. అక్కడ ఆటోలుండవు, నీళ్ళ మీద తిరిగే బస్సే. "మన హోప్ టౌన్ ఫెర్రీ లాగే ఉందమ్మా, టీ అమ్మీవోడే లేడు" అంది అత్తమ్మ. ఆ రోజంతా ఆవిడ సంతోషంగానే ఉంది. ఎన్ని వందల ఏళ్ళ నాటి ఇళ్ళో, నీళ్ళలోనే నిలబడి ఉన్నాయి. గోడల పాకుడు తడిమి చూస్తూ, "ఈళ్ళకి బయం లేదేటి" అనుకుంది.

అక్కడ చలికాలం సాయంత్రానికే చీకటి పడిపోతుంది. మేం దారి తప్పాం. ఫోన్‌లో మ్యాప్ చూస్తే మేము ఇంటి గోడలోంచి నడుస్తున్నట్టు చూపిస్తోంది. స్టేషన్‌కి దారి అని పసుపు బోర్డొకటి కనబడింది. బాణం ఎడమకీ ఉంది, కుడికీ ఉంది. అత్తమ్మ నవ్వింది. నేనూ నవ్వాను. ఆ సందు తిరిగాం...

కాలువలో నీళ్ళు లేవు.

నల్లటి బురద. దాని మీద పక్కకి ఒరిగిపోయిన పడవలు. ఉప్పు వాసన. అత్తమ్మ నా చెయ్యి పట్టుకుంది.

"పొద్దున కాలువల్లో నీళ్ళున్నాయి కదా."

"ఉన్నాయి అత్తమ్మా."

"సముద్రం ఎనక్కెల్లిపోనాది. పద. జల్దీ. పైకెక్కాల."

నేను టీచర్ని. ఆటుపోట్ల పాఠం ఏటా చెబుతాను. అయినా ఆ మాట వినగానే నా కాళ్ళు నా మాట వినలేదు. ఇద్దరం పరిగెత్తాం. ఎటు తిరిగినా చదునే. ఆ ఊళ్ళో కొండ లేదు... ఒక్క కొండ కూడా లేదు. చివరికి చిన్న రాతి వంతెన దొరికింది. దాని నడినెత్తిన నిలబడి, అత్తమ్మ కళ్ళు మూసుకుని చెవి ఒగ్గింది. అల చప్పుడు కోసం.

అల రాలేదు. గాలి లేదు. మనిషి అలికిడి లేదు.

అప్పుడు...

టక్.

చెక్క మీద చెక్క కొట్టినట్టు. దూరంగా, వంతెన కింది ఎండిన కాలువలోంచి.

టక్... టక్.

అత్తమ్మ కళ్ళు తెరిచింది. మళ్ళీ వచ్చింది. ఒకటి... ఆగి, రెండు. ఈసారి దగ్గరగా. ఇంకా దగ్గరగా. కట్టేసిన పడవల్లో ఒక్కటీ కదలడం లేదు. చప్పుడు మాత్రం వస్తోంది... మేము నిలబడ్డ వంతెన కిందికే వచ్చి ఆగిపోయింది.

అత్తమ్మ చెయ్యెత్తి, గాజులతో వంతెన గోడ మీద కొట్టింది. ఒకటి... ఆగి, రెండు. ఒక గాజు పగిలింది. ముక్కలు బురదలో పడ్డాయి.

కింద నుంచి జవాబు లేదు.

ఆవిడ వంగి చూసింది. చాలాసేపు చూసింది. నేను ఆవిడ కొంగు రెండు చేతులతో పట్టుకున్నాను. తర్వాత మెల్లగా నిటారయ్యి, "పడవ వచ్చినాది. మడిసి లేడు" అంది. ఏడవలేదు. "పోదాం పద, అబ్బాయి ఎదురు సూస్తుంటాడు."

వెళ్తూ నేనూ తొంగి చూశాను. పడవ లేదు. బురద మధ్యలో ఒక పొడవాటి గీత మాత్రం ఉంది, అందులోకి అప్పుడే నీళ్ళు ఊరుతున్నాయి.

మా హోటల్ ఆయన్ని అడిగాను. చలికాలంలో ఆటుకి నీళ్ళు ఇలా వెనక్కి పోవడం మామూలేనట. "అలాంటప్పుడు చిన్న కాలువల్లో పడవలేవీ నడవవు" అన్నాడు. ధైర్యం చెబుతున్నాననుకున్నాడు పాపం.

ఆ రాత్రే అత్తమ్మ కొడుక్కి చెప్పింది, "మీ నాయినకి సెయ్యాల్సింది సేసియ్యిరా" అని. మా ఆయన ఆవిడ ఒళ్ళో తల పెట్టుకుని ఏడ్చారు. తర్వాత సెలవులో జంగ్లీఘాట్ ఒడ్డున పిండం పెట్టారు. మిగిలిన గాజులు అత్తమ్మే తీసేసుకుంది. ఇప్పుడు వేళకి తింటోంది, హాయిగా నిద్రపోతోంది. ఆ రోజు ఏం కనబడిందని అడిగితే, "నువ్వూ సూసినావు కదా" అంటుంది.

నేను చూసింది బురద. విన్నది మాత్రం అబద్ధం కాదు. ఏదో తలుపు కొట్టుకుందా, ఎవరైనా మేకు దిగ్గొడుతున్నారా... ఎన్ని అనుకున్నా మనసు ఒప్పుకోవడం లేదు.

మా ఆయన మళ్ళీ ఓడెక్కారు. చీకటి పడితే ఇప్పుడు గుమ్మంలో నిలబడేది నేను.