మాణిక్యమ్మ గారి వేళాకోళం

ఇప్పుడు నేను చూసుకునే మామిడి తోటలో, తడిపిన గోనెసంచుల వాసన తగిలితే చాలు, మాణిక్యమ్మ గారు గుర్తొస్తారు. ముసునూరు దగ్గర నేను మొదట ఉద్యోగం చేసిన తోటలో ఆవిడ కోత మేస్త్రి. డిప్లొమా ముగించి సూపర్‌వైజర్‌గా చేరిన నా జేబులో వడదెబ్బ లక్షణాల జాబితా ఉండేది: తలనొప్పి, వాంతి, తడబాటు, ఒళ్లు కాలిపోవడం. ఆవిడ దగ్గర జాబితా లేదు. గంటకోసారి చెట్ల కింద తిరుగుతూ ఒక్కొక్కరినీ ఆటపట్టించేవారు.

“ఏరా శీనయ్యా, కాయలు కోస్తున్నావా, బుజ్జగిస్తున్నావా?”

“నువ్వొచ్చి జోలపాడు అత్తా, త్వరగా పడుకుంటాయి” అని కొమ్మ మీంచి జవాబొచ్చేది.

“పని మధ్యలో ఈ వేళాకోళాలేంటండీ?” అని ఒకసారి విసుక్కున్నాను.

“తిరిగి మాట అన్నంతసేపూ బాగున్నట్టే బాబూ. అననివాణ్ణి దింపాలి.”

మే నెలలో ఒక మధ్యాహ్నం ఆవిడ పక్క తోటకు వెళ్లారు. శీనయ్య తనంతట తానే చెట్టు దిగి కూలబడ్డాడు. పొద్దుటినుంచి కారుతున్న చెమట ఆగి, నుదురు పొడిగా ఉంది. తేరుకుంటున్నాడనుకున్నాను. నీడ కదా అని షెడ్డులో, కోసిన కాయల రాశి పక్కన పడుకోబెట్టించాను. రాశిపోసిన కాయ వేడి కక్కుతుంది. రోజూ ఆ వేడిని కొలిచి రాసేవాణ్ణి నేనే. కాయ పాడవుతుందని కొలిచేవాణ్ణి.

మాణిక్యమ్మ గారు తిరిగొచ్చి, “ఏరా, పెళ్లికొడుకులా పడుకున్నావేంటి?” అన్నారు. వాడు ఎవరో కొత్తమనిషిని చూసినట్టు చూశాడు.

“బయటికి మొయ్యండి, గాలి తగిలే చోటికి.”

చెట్టునీడలో పడుకోబెట్టి బోరు నీళ్లు ఒళ్లంతా పోశాం. తడి గోనెలు కప్పి, అవి ఆరకముందే మళ్లీ తడుపుతూ, అట్టముక్కలతో విసిరాం. నేను మజ్జిగ గ్లాసు నోటి దగ్గర పెట్టబోతే ఆవిడ చెయ్యి నెట్టేశారు.

“తెలివి లేనోడికి తాగించకు, పొరబోతుంది. అంబులెన్సుకి ఫోన్ చెయ్యి.”

అది వచ్చేదాకా విసరడం ఆపలేదు.

శీనయ్య బతికాడు. డాక్టరు ఎండలోకి వెళ్లొద్దన్నాడని కాయలు ఏరే బల్ల దగ్గర కూర్చోబెట్టాం. మాట మందగించింది. ఆవిడ రోజూ వెళ్లి ఏదో ఒకటి అనేవారు, కాసేపు నిలబడేవారు, జవాబు రాకపోతే వెళ్లిపోయేవారు. పక్కబల్ల దగ్గర నేను తలెత్తలేకపోయేవాణ్ణి.

కోత ఆఖరి వారంలో, “ఏరా, ఇంకా ఆ ఒక్క పెట్టేనా?” అన్నారు.

చాలాసేపటికి, “నువ్వు అడ్డం తప్పుకుంటే… కాయ కనపడుద్ది కదత్తా” అన్నాడు.

ఆవిడ నవ్వలేదు. పక్కనున్న ఖాళీ పెట్టె మీద కూర్చుని, ఎంతకీ లేవలేదు.

వేళాకోళం ఆడటం నాకిప్పటికీ చేతకాదు. పేరు పెట్టి పిలిచి, తోచిన ప్రశ్న ఏదో అడుగుతాను. వేసవంతా ఇదే తిరుగుడు. సాయంత్రానికి గొంతు పోతుంది. జవాబు వినపడ్డాకే పక్క చెట్టుకు వెళ్తాను.